ఇసుకలో దాగిన కాపలా గదులు

1942వ సంవత్సరము మార్చి 8వ తేదీన రంగూను జపాను వశమైనది. ఏప్రిల్ 6వ తేదీన 'ర్యూజో' అను విమానవాహక నౌకనుండి బయలుదేరిన విమానములు విశాఖపట్టణముపైనను, కాకినాడపైనను బాంబులు వేసినవి. శత్రుసేన తీరమున దిగవచ్చునను భయముతో అనేకులు విశాఖను విడిచి పోయిరి.

ఆ యుద్ధకాలమున విశాఖ సముద్రతీరమున కట్టిన కాంక్రీటు కాపలా గదులు కొన్ని నేటికిని కలవు. మాత్రల పెట్టెను పోలియుండుటచే వీనికి 'పిల్‌బాక్సు'లని పేరు. ఇట్టి గదిని కొంత భూమిలోనికి దించి కట్టుదురు. అందువలన ఓడపైనున్న వానికి అది ఇసుకతిన్నెవలె తోచును. ఫిరంగిగుండునకు గురియగు గోడ తగ్గును. ప్రేలుడువలన పుట్టు పీడన తరంగముయొక్క బలమును చుట్టునున్న మన్ను కొంత హరించును. లోపలి సైనికుడు సన్నని రంధ్రముగుండా తుపాకి గురిపెట్టును.

శత్రుసేన దిగలేదు. అయితే గదుల అడుగునున్న ఇసుక కదలినది. ఈ తీరమున అలలు ఏటేట ఇసుకను మొత్తముమీద దక్షిణమునుండి ఉత్తరమునకు నడపును. 1933లో తెరచిన ఓడరేవు ముఖద్వారమున రెండు పాత ఓడలను ముంచి అలలకు అడ్డుకట్ట వేసిరి. దాని చాటున ఇసుక నిలిచిపోవుటచే ఉత్తరపు తీరమునకు చేరవలసిన ఇసుక తగ్గి, కోత హెచ్చినది. అందుకే రేవులో త్రవ్వితీసిన ఇసుకను ఆ తీరమున పోయుట ఆచారమైనది.

అడుగున ఇసుక జారినచో ఎంత దళసరి కాంక్రీటు గదియైనను ఒరుగును. కావున ఈ చరిత్రచిహ్నములను కాపాడుటకు గోడలను మరమ్మతు చేసిన చాలదు; తీరమునకు ఇసుక అందవలెను.