వేడితో బంపర్ సొట్ట తీయడం

వేడితో బంపర్ సొట్ట తీయడం అనేది కారు ప్లాస్టిక్ బంపర్‌కు పడిన సొట్టను వేడితో మెత్తబరిచి, లోపలివైపు నుంచి నెట్టి పూర్వాకారానికి తెచ్చే మరమ్మతు పద్ధతి. గోదావరి డెల్టాలో రాజమహేంద్రవరం, కాకినాడ, భీమవరం వంటి పట్టణాల టింకరింగ్, పెయింటింగ్ షెడ్లలో ఈ పని చేస్తారు.

నేపథ్యం: తొలితరం అంబాసిడర్ కార్లకు క్రోమియం పూత పూసిన ఉక్కు బంపర్లుండేవి, వాటి సొట్టలను సుత్తితో సరిచేసేవారు. 1972లో ఫ్రాన్స్‌లో విడుదలైన రెనో 5 కారు ప్లాస్టిక్ బంపర్‌ను చిన్న కార్లలోకి తెచ్చింది. నేటి బంపర్లలో ఎక్కువ భాగం రబ్బరు కలిపిన పాలీప్రొపిలీన్‌తో తయారవుతాయి. ప్లాస్టిక్ రకాన్ని సూచించే అక్షరాలు సాధారణంగా బంపర్ లోపలివైపు ముద్రించి ఉంటాయి.

విధానం: పాలీప్రొపిలీన్ థర్మోప్లాస్టిక్, వేడికి మెత్తబడి, చల్లారితే గట్టిపడుతుంది. సుమారు 160 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది కాబట్టి వేడి అంతకు తక్కువగా ఉండాలి. చిన్న సొట్టకు మరిగే నీరు చాలవచ్చు. పెద్దదానికి హీట్ గన్‌ను ఒకేచోట నిలపకుండా కదుపుతూ వాడతారు. ఆకారం వచ్చాక తడిగుడ్డతో చల్లారుస్తారు.

పరిమితులు: అతివేడికి రంగు పొంగుతుంది, ప్లాస్టిక్ వంకరపోతుంది. పగుళ్లకు ప్లాస్టిక్ వెల్డింగ్ అవసరం. ఒకసారి గట్టిపడ్డాక మళ్లీ మెత్తబడని ఫైబర్‌గ్లాస్ బంపర్లకు ఈ పద్ధతి పనికిరాదు.