బాల్య ఊబకాయం: ఇంటి వాతావరణాన్ని అంచనా వేయడం ఎలా?

పిల్లల బరువు అతిగా పెరిగినప్పుడు సాధారణంగా మొదటి నింద వారి తిండి మీద పడుతుంది. ఆ తిండిని ఇంటికి తెచ్చింది ఎవరు, వడ్డించింది ఎవరు, ఏ వేళకు పెట్టారు అన్న ప్రశ్నలు ఆ తరువాత వస్తాయి. ఊబకాయానికి ఇల్లు ఎంత దోహదం చేస్తోందో తెలియాలంటే ముందు ఈ ప్రశ్నలకే జవాబు వెతకాలి.

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ ఇందుకు తగిన ఉదాహరణ. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలంలో జంక్షన్, వర్క్‌షాపుల చుట్టూ పెరిగిన ఈ పట్టణంలో, ఉద్యోగాలకు వచ్చిన తెలుగు కుటుంబాలు తరతరాలుగా నివసిస్తున్నాయి. తల్లి లేదా తండ్రి డ్యూటీ వేళలు మారే ఇంట్లో భోజనం, నిద్ర వేళలు కూడా మారుతుంటాయి. పళ్లెంలో ఇడ్లీ, అన్నంతో పాటు బెంగాలీల మురీ (మరమరాలు), సందేశ్, నూనెలో వేయించిన తేలేభాజా చేరతాయి.

కొలత ఏమిటి?

ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణాల ప్రకారం 5 నుంచి 19 ఏళ్ల వారిలో వయసుకు తగిన శరీర ద్రవ్యరాశి సూచిక (బీఎంఐ) మధ్యగతం కంటే ఒక ప్రామాణిక విచలనం దాటితే అధిక బరువు. రెండు దాటితే ఊబకాయం. ఐదేళ్లలోపు వారికి ఎత్తుకు తగిన బరువును చూస్తారు. అక్కడ హద్దులు వరుసగా రెండు, మూడు విచలనాలు.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో ఐదేళ్లలోపు అధిక బరువు పిల్లలు 2015-16లో 2.1 శాతం ఉండగా, 2019-21లో 3.4 శాతానికి చేరారు. అదే రెండో సర్వేలో 35.5 శాతం పిల్లలు వయసుకు తగిన ఎత్తు ఎదగలేదు. ఇంతటి కొరత కళ్లెదుట ఉన్న సమాజంలో పెద్దలకు బొద్దుగా ఉన్న బిడ్డే ఆరోగ్యవంతుడిగా తోచడం సహజం. అందుకే కంటి అంచనా చాలదు, కొలత తప్పనిసరి.

ఇంట్లో ఏం పరిశీలించాలి?

మొదటిది లభ్యత. బిస్కెట్లు, శీతల పానీయాలు చేతికందే చోట ఉన్నాయా? పండ్లు, గుగ్గిళ్లు, మరమరాలు ఎక్కడ ఉన్నాయి? అల్మరాను ఒకసారి చూసి రాసుకున్న జాబితా జ్ఞాపకం కన్నా నమ్మదగినది.

రెండోది వడ్డించే తీరు. తల్లిదండ్రుల పద్ధతులను కొలిచేందుకు అమెరికా పరిశోధకురాలు లీన్ బర్చ్ బృందం 2001లో 31 ప్రశ్నల పత్రాన్ని ప్రచురించింది. నిషేధం, బలవంతం, పర్యవేక్షణ వంటివి అందులోని అంశాలు. జెనిఫర్ ఫిషర్‌తో కలిసి బర్చ్ 1999లో ప్రచురించిన ప్రయోగాల్లో, అందకుండా చేసిన చిరుతిండిపై పిల్లల మోజు మరింత పెరిగింది. మన ఇళ్లలో ఇటువంటి ప్రశ్నలను తల్లితో పాటు, అన్నం కలిపి పెట్టే అమ్మమ్మనో నానమ్మనో కూడా అడగాలి.

మూడోది దినచర్య. 5 నుంచి 17 ఏళ్ల వారికి రోజుకు సగటున 60 నిమిషాల శారీరక శ్రమ ఉండాలని, 2 నుంచి 4 ఏళ్ల వారికి తెర ముందు కూర్చునే సమయం గంట దాటరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది. షిఫ్టు ఉద్యోగి ఇంట్లో ఆహార వివరాలు రాసేటప్పుడు పగటి డ్యూటీ, రాత్రి డ్యూటీ, సెలవు రోజులు మూడూ ఉండాలి. ఒక్క రోజు లెక్క ఆ ఇంటి అసలు రూపాన్ని చూపదు.

అంచనాకు ఉన్న హద్దులు

ఒక్కసారి జరిపిన సర్వే కారణాన్ని నిరూపించలేదు. ఆంక్షల వల్ల బరువు పెరిగిందా, బరువు పెరిగినందున ఆంక్షలు పెట్టారా అన్నది అందులో తేలదు. అందుకు ఏళ్ల తరబడి అవే కుటుంబాలను గమనించాలి. వంశపారంపర్యత, కుటుంబ ఆదాయం, ఆటస్థలం, వీధి చివర దుకాణం కూడా లెక్కలోకి వస్తాయి.

కాబట్టి ఇటువంటి అంచనా ఉద్దేశం తల్లిదండ్రులను దోషులుగా నిలబెట్టడం కారాదు. రాత్రి డ్యూటీ ముగించుకుని వచ్చిన తండ్రి తెచ్చే మిఠాయి పొట్లం ప్రేమకు గుర్తే. ఆ ప్రేమకు మరో దారి చూపడం, మారే డ్యూటీలోనూ రోజుకు ఒక్క భోజనమైనా అందరూ కలిసి చేసేలా వేళ కుదుర్చుకోవడం సాధ్యమైన తొలి మార్పులు. పిల్లవాడిని బరువు పేరుతో వెక్కిరించకుండా, ఎదుగుదల పట్టికతో శిశువైద్యుణ్ని సంప్రదించడం ఉత్తమం.