మండుటెండలకు దిగివచ్చిన ఆపిలు

పల్నాటి ఎండల మాట వచ్చినప్పుడు గురజాల, మాచర్లల నడుమనున్న రెంటచింతల పేరు ముందుగా వినబడును. అచ్చట వేసవిలో ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటుట వింతకాదు. అట్టి నేలలో ఆపిలు పండునా? ఈ ప్రశ్నకు సమాధానము కావలెనన్న ఆ చెట్టు చరిత్రను కొంత చూడవలెను.

ఆపిలుకు పుట్టినిల్లు మధ్య ఆసియాలోని తియాన్‌షాన్ పర్వతములు. శీతకాలమున ఆ చెట్టు ఆకు రాల్చి నిద్రించును. 7 డిగ్రీలకు దిగువనుండు చలి తగినన్ని గంటలు సోకిననే గాని దాని మొగ్గలు మేలుకొనవు. నడుమ నాలుగునాళ్లు ఎండ కాసినంతనే చిగిర్చి, మరల మంచుకు మాడిపోకుండ ప్రకృతి విధించిన కట్టుబాటిది. 1916 ప్రాంతమున శామ్యూల్ స్టోక్స్ అను అమెరికనుడు సిమ్లా కొండలలోని కోట్‌గఢ్‌లో నాటించిన డెలిషస్ రకమునకు ఇట్టి చలి సుమారు వేయి గంటలు కావలెను. మన మైదానములలో అది దొరకదు. చెట్టు బ్రతికినను సరిగా పూయదు.

ఈ కట్టుబాటును సడలించిన రకములు పిమ్మట వచ్చినవి. ఇస్రాయేలులో సంకరము వలన పుట్టిన 'అన్నా'కు సుమారు 300 గంటల చలి చాలును. హిమాచల్ ప్రదేశ్‌లో బిలాస్‌పూర్ జిల్లా పనియాలా గ్రామపు రైతు హరిమన్ శర్మ, పెరటిలో పారవేసిన గింజలనుండి లేచిన మొలకను 1999లో గుర్తించి పెంచెను. ఆ వెచ్చని ఊరిలోనే అది 2001లో కాచెను. ఆయన దానిని అంట్లు కట్టి వృద్ధిచేసెను. అదియే 'హెచ్.ఆర్.ఎం.ఎన్.-99'. ఆయనకు 2025లో పద్మశ్రీ లభించినది. తెలంగాణములో ఆసిఫాబాదు జిల్లా ధనోరా గ్రామమున సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞుల తోడ్పాటుతో ఒక రైతు ఆపిలు నాటగా, 2020 నాటికి పండ్లు చేతికి వచ్చెను.

హరిమన్ రకము ఫిబ్రవరి ప్రాంతమున పూసి జూనులో పండును. కాశ్మీరు పంటకు ముందే అంగడి చేరుట దీనికి గల మేలు. పండు పసుపుపై ఎర్రచారలతో, మెత్తని రసవంతమైన కండతో నుండును. తొక్కకు ఎరుపునిచ్చు ఆంథోసయనిన్ చక్కగా ఏర్పడుటకు వెలుతురుతోపాటు చల్లని రాత్రులును కావలెను. కావున వేడినేలలో రంగు పలుచబడును. త్వరగా పండు రకములు ఎక్కువకాలము నిలువయుండవు.

పల్నాటికి అసలు చిక్కు చలికొరత కాదు, మే నెల ఎండ. కాయ ఊరు కాలమును, రెంటచింతల నిప్పులు చెరుగు కాలమును ఒక్కటే. నేరుగా ఎండసోకు తొక్క గాలికంటె పది డిగ్రీలకు పైగా వేడెక్కి కమిలిపోవును. ప్రత్తి, మిరప ధరలతో విసిగిన రైతు ఈ పేరు విని ఎకరములకొలది నాటుట తగదు. నాలుగు చెట్లు పెంచి, రెండింటికి నీడ కల్పించి, రెండు మూడు కాపులు చూచినచో తన నేల చెప్పు జవాబే తెలియును.