సిలోయము గోపురం ఎవరి నెత్తిన కూలింది?

ప్రకృతి విపత్తుల గురించి క్రైస్తవం ఏమంటుందన్నది కేవలం మతపండితుల చర్చ కాదు. కరువునూ వరదనూ జనం ఎలా అర్థం చేసుకోవాలో నేర్పే ప్రతి బోధలోనూ రాజకీయం ఉంటుంది. కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల చరిత్రను ఈ దృష్టితో చదవాలని నా అభిప్రాయం.

19వ శతాబ్దం చివరి దశాబ్దాల్లో వెస్లియన్ మిషన్ సికింద్రాబాద్ నుండి కరీంనగర్ దాకా వచ్చింది. అప్పటికి నిజాం రాజ్యంలో భూమి దొరలు, దేశ్‌ముఖ్‌ల చేతుల్లోనూ, వెట్టి మాల మాదిగల నెత్తినా ఉంది. వాన పడని ఏడు 'కాలం కాలేదు' అనేవారు మన రైతులు. కానీ కాలం అందరికీ ఒకేలా కాకుండా పోదు. పంట అందరిదీ ఎండుతుంది, ఆకలి మాత్రం గాదెలు లేనివాడికే వస్తుంది. గాదెలు నిండినవాడికి కరువు ధర లాభమే. ఈ తేడాను కప్పిపుచ్చడానికి పూర్వజన్మ కర్మ సిద్ధాంతం ఉండనే ఉంది.

మరి క్రైస్తవం ఇచ్చిన జవాబు వేరేదా? ఆ మిషన్‌కు మూలపురుషుడైన జాన్ వెస్లీ, 1755 నవంబర్ 1న లిస్బన్‌ను నేలమట్టం చేసిన భూకంపంలో దైవశిక్షను చూశాడు, పశ్చాత్తాపపడమంటూ కరపత్రం రాశాడు. అదే భూకంపం చూసిన వోల్టేర్, 'అంతా మంచికే' అనే తత్త్వాన్ని ఎండగట్టాడు. 1934 జనవరి 15న బీహార్ భూకంపం వచ్చినప్పుడు, అది అంటరానితనమనే పాపానికి శిక్ష అన్నాడు గాంధీ. ఆ వాదన అశాస్త్రీయమని టాగోర్ బహిరంగంగా ఖండించాడు. గాంధీ ఉద్దేశం మంచిదే కావచ్చు. కానీ ఆ శిథిలాల కింద నలిగినవాళ్ళలో అంటరానివాళ్ళు కూడా ఉన్నారు కదా!

విచిత్రమేమంటే, సువార్తలు ఈ శిక్షావాదాన్ని సమర్థించవు. సిలోయములో గోపురం కూలి పద్దెనిమిది మంది చనిపోయారు. వాళ్ళు మిగతావాళ్ళకంటే పాపాత్ములని అనుకోవద్దంటాడు యేసు లూకా సువార్తలో. అయితే మీరూ మారకపోతే నశిస్తారని హెచ్చరిస్తాడు కూడా. పుట్టుగుడ్డి విషయంలో, ఇది ఎవరి పాపమన్న శిష్యుల ప్రశ్ననే తోసిపుచ్చుతాడు. బాధితుణ్ణే దోషిని చేసిన స్నేహితులను యోబు గ్రంథంలో దేవుడే తప్పు పడతాడు. 'నీ బాధకు నువ్వే కారణం' అనే మాటను తరతరాలుగా విన్న దళితుడికి ఇది చిన్న విషయం కాదు.

ఆచరణ కూడా చూడాలి. 1876-78 మహాకరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో ఒక భాగాన్ని కాంట్రాక్టుకు తీసుకొని మాదిగలకు పని చూపాడు. కరువు కాలంలో బాప్తిస్మాలు ఆపి ఉంచాడు. తర్వాత 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పుచ్చుకున్నారు. మెదక్‌లో పోస్నెట్, ఆకలిగొన్నవాళ్ళకు పనీ తిండీ ఇస్తూ 1914లో మొదలైన చర్చిని 1924 క్రిస్మస్ నాటికి పూర్తిచేయించాడు. 'గంజి కోసం మతం మారారు' అని ఎగతాళి చేసేవాళ్ళను నేనడిగేది ఒక్కటే: ఆ గంజి మీ గాదెల్లోంచి ఎందుకు రాలేదు?

అయినా దయకు హద్దు ఉంది. అన్నం పెట్టడం వేరు, భూమి ఎవరిదని అడగడం వేరు. ఆ రెండో ప్రశ్నను రైతాంగమే అడిగింది: 1946-51 సాయుధ పోరాటంలోనూ, తర్వాత 1978లో జగిత్యాలలోనూ. దక్షిణ ఇండియా సంఘం కరీంనగర్ డయోసిస్ ఏర్పడింది కూడా ఆ 1978లోనే.

ఇప్పటికీ విపత్తు 'ప్రకృతి' పేరుతోనే వస్తోంది. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలోకి నీరు చొచ్చుకొచ్చి 17 మంది కార్మికులు చనిపోయారు. 2022 జులైలో కడెం ప్రాజెక్టుకు దాని గేట్లు వదలగలిగిన దానికన్నా ఎక్కువ వరద వచ్చింది, దిగువ ఊళ్ళు ఖాళీ చేయవలసి వచ్చింది. వాన ఆకాశం నుండే పడుతుంది. గని పక్కన నీళ్ళున్నాయా, గేటు లేస్తుందా అని చూసుకోవలసింది మాత్రం మనుషులే.

కాబట్టి సిలోయము కథలో సగమే మనకు తెలుసు. చనిపోయినవాళ్ళు పాపులు కారు, సరే. ఆ గోపురం కట్టించినదెవరు, బీటలు చూసి ఊరుకున్నదెవరు? మారవలసింది వాళ్ళే. ఈ రెండో సగాన్ని విశ్వాసులూ అవిశ్వాసులూ కలిసి అడగవచ్చు. అడిగితీరాలి.