నాయకత్వ గుణాలు: సత్యం కంప్యూటర్స్ ఉదంతం (2009)

నాయకుడికి ఉండాల్సిన వ్యక్తిగత గుణాల్లో నిజాయితీ, నిబ్బరం ముందు వరుసలో ఉంటాయి. హైదరాబాద్ ఐటీ రంగంలో వీటికి గట్టి పరీక్ష 2009లో ఎదురైంది. జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ బి.రామలింగరాజు, ఏళ్ల తరబడి లెక్కలు పెంచి చూపామని లేఖ రాసి రాజీనామా చేశారు. ఖాతాల్లో ఉన్నట్టు చూపిన 5,040 కోట్ల రూపాయల నగదు అసలు లేనేలేదు. హైటెక్ సిటీ నుంచి విదేశాల దాకా సుమారు 50 వేల మంది ఉద్యోగులు ఆ నెల జీతం వస్తుందో రాదోనని బెంగపడ్డారు.

కేంద్రం కిరణ్ కార్నిక్, దీపక్ పరేఖ్, సి.అచ్యుతన్‌లతో కొత్త బోర్డు వేసింది, కొద్దిరోజులకే టి.ఎన్.మనోహరన్ సహా మరో ముగ్గురు చేరారు. నమ్మదగిన లెక్కలే లేకుండా పని మొదలైంది. ముందు జీతాల సంగతి చూశారు, క్లయింట్లు చేజారకుండా మాట్లాడారు. ఫిబ్రవరిలో సంస్థలోనే పనిచేస్తున్న ఎ.ఎస్.మూర్తిని సీఈఓను చేశారు. బోర్డు నిర్ణయాల్లో ఇదే మెచ్చదగినది: బెదిరిన సిబ్బందికి ఏళ్లుగా తమతో పనిచేసిన మనిషే ధైర్యం చెప్పగలడు. తర్వాత బోర్డు సంస్థను అమ్మకానికి పెట్టగా, ఏప్రిల్ 13న షేరుకు 58 రూపాయల బిడ్‌తో టెక్ మహీంద్రా గెలిచింది. 2013లో సత్యం అందులో విలీనమైంది.