బొటనవేలి కింది మీట

మా నాయిన నాగార్జునసాగర్ ఎడమ కాలువ మీద లస్కరు. రాత్రిపూట తూము షట్టరు ఎత్తాలంటే రెండు చేతులూ హ్యాండిలు మీదే ఉండాలి. మరి టార్చిలైటో? చంకలో ఇరికించుకునేవాడు. ఒకసారి అది జారి కాలువలో పడ్డాక, పాత సైకిలు ట్యూబు కోసి రెండు పట్టీలు చేశాడు. ఒకటి సైకిలు హ్యాండిలుకు, ఒకటి షట్టరు చట్రానికి. మూడు సెల్లుల ఇత్తడి లైటు అది. కట్ట మీద సైకిలు గతుకులో పడ్డప్పుడల్లా ఆరి వెలిగేది. ‘సెల్లులు ఖతమైనయ్’ అంటూ నాయిన వాటిని ఎండకు పెట్టేవాడు. తప్పు సెల్లులది కాదని నాకు చాలా ఏళ్లకు, బాలానగర్‌లో ఒక టూల్‌రూంలో ఫిట్టరుగా చేరాక గానీ తెలియలేదు. తుపాకీకి లైటు బిగించే అల్యూమినియం క్లాంపు నమూనా ఒకటి మా బల్ల మీదికి వచ్చింది. దాని వెనకాల పడి ఈ చరిత్రంతా తవ్వుకున్నాను.

అమెరికా వాళ్లు టార్చిని ఫ్లాష్‌లైట్ అంటారు. ఆ పేరు గొప్ప కోసం పెట్టింది కాదు. 1899 జనవరి 10న న్యూయార్క్‌లో డేవిడ్ మిసెల్ అనే ఆయన గొట్టం టార్చికి పేటెంటు పొందాడు. తయారుచేసింది రష్యా నుంచి వలస వచ్చిన కాన్రాడ్ హ్యూబర్ట్ కంపెనీ. కాగితపు గొట్టంలో వరసగా సెల్లులు, ముందు బల్బు, దాని వెనక మోటు ఇత్తడి రిఫ్లెక్టరు. బల్బులోది కార్బన్ తీగ, సెల్లులేమో బలహీనం. కాసేపు నొక్కి పట్టుకుంటే నీరసించేది, వదిలేసి ఊపిరి తీసుకోనివ్వాలి. అలా మినుకుమినుకుమనే వెలుగు కాబట్టే ఫ్లాష్. కొన్నిటిని న్యూయార్క్ పోలీసులకు ఊరికే ఇచ్చి, వాళ్లు మెచ్చుకున్న మాటల్ని ప్రకటనలకు వాడుకున్నారు. వ్యాపారం తెలిసినవాళ్లు! తర్వాత టంగ్‌స్టన్ తీగ వచ్చింది, సెల్లులు మెరుగయ్యాయి. ముందుకు తోస్తే వెలిగే, తోసిన చోటే ఆగే మీట వచ్చింది.

చెయ్యి ఖాళీ లేని బాధ రెండో ప్రపంచయుద్ధపు సైనికుడికీ మా నాయినకీ ఒకటే. అమెరికా సైన్యం టీఎల్-122 అనే టార్చికి మెడ వంచింది. వెనక క్లిప్పు పెట్టి బెల్టుకు తగిలిస్తే వెలుగు ముందుకు పడుతుంది. ఆ తర్వాతి తరంలో ఎంఎక్స్-991 వచ్చింది. అందులో నాకు నచ్చింది మీటకు అటూ ఇటూ కట్టిన చిన్న గట్టు. మూటలో ఏదో ఒత్తుకుని దీపం దానంతటదే వెలగకూడదు కదా. మీట చేసేవాడి తెలివి నాకు అక్కడే కనిపిస్తుంది.

టార్చి తుపాకీ మీదికెక్కాక అసలు తిప్పలు మొదలయ్యాయి. మొదట్లో టేపుతోనో పైపు క్లాంపుతోనో కట్టేవారు. మా నాయిన ట్యూబు పట్టీకి అన్నదమ్ములే అవి. పేల్చగానే తుపాకీ వెనక్కి తన్నుతుంది. లైటు ఒళ్లు దానితోపాటే పోతుంది. బరువైన సెల్లులు మాత్రం ఉన్నచోటే ఉండాలని చూస్తాయి. స్ప్రింగు నలుగుతుంది, ఒక కొస వీడుతుంది, దీపం ఆరుతుంది. కాలువ కట్ట మీద గతుకులోనూ జరిగింది ఇదే! అందుకని గట్టి స్ప్రింగులు వేశారు, బల్బు తీగ తెగకుండా రబ్బరు ఆనించారు. ఊడదీసి మళ్లీ బిగిస్తే అదే చోట కూర్చోవాలని 1995లో అమెరికా సైన్యం తుపాకీ మీద ఉండే పికాటిన్నీ అనే గాడుల పట్టాకు కొలతలు ఖాయం చేసింది. గాడి వెడల్పు 5.23 మిల్లీమీటర్లు, ఒక గాడి మధ్య నుంచి పక్క గాడి మధ్యకు దూరం 10.01. మా బల్ల మీది క్లాంపును ఈ గాడుల్లో కుదర్చడానికి నేను మూడు రోజులు ఆకురాయితో కుస్తీ పట్టాను.

ఇక మీట. 1980ల చివర్లో కాలిఫోర్నియాలో ష్యూర్‌ఫైర్ వాళ్లు తెచ్చిన 6పీ అరచేతిలో ఇమిడే లైటు. మూడు వోల్టుల లిథియం సెల్లులు రెండు, మీట వెనక మూతలో. బొటనవేలితో నొక్కినంతసేపే వెలుగు, నిలిచి వెలగాలంటే మూత తిప్పాలి. వేలు తీస్తే చీకటి, ఎక్కడున్నావో ఎదుటివాడికి తెలియదు. సెల్లులు చాలక మిసెల్ కాలంలో తప్పనిసరైన నొక్కుడును ఇప్పుడు డబ్బిచ్చి మరీ కొంటున్నారు. పొడుగు తుపాకులకు తీగతో మెత్తని పట్టీ స్విచ్చు కూడా వచ్చింది కానీ, నాకు దాని మీద నమ్మకం లేదు. వేలాడే తీగ ఎప్పటికైనా తెగేదే.

నాయిన పోయాక ఆయన ఇత్తడి లైటు విప్పాను. వెనక మూతలో స్ప్రింగు చిలుము పట్టి, మెత్తబడి ఉంది. పియానో వైరుతో కొత్తది చుట్టి వేశాను, ఇప్పుడు ఎంత కుదిపినా ఆరదు. మీ ఇంట్లో అటక మీద అలాంటిదేమైనా ఉంటే, ముందు అందులోంచి సెల్లులు తీసెయ్యండి. అవి కారితే ఇత్తడిని తినేస్తాయి.