కర్ట్ ఫ్లడ్: ఓడిపోయిన కేసు, నెగ్గిన హక్కు

విద్యార్థులారా! ఐపీఎల్ ఆటగాళ్ల వేలాన్ని మీరు టీవీలో చూసే ఉంటారు. ఆ వేలానికి పేరు ఇచ్చేది ఆటగాడే. ఇష్టం లేకపోతే ఇవ్వకుండా ఉండవచ్చు. అలా కాక, ఆటగాడిని ఒక్క మాటైనా అడగకుండా జట్టు యజమాని అతన్ని మరో జట్టుకు ఇచ్చివేస్తే? కాదనే హక్కు అతనికి ఉంటుందా? అమెరికాలో ఈ ప్రశ్నను సుప్రీంకోర్టు దాకా తీసుకువెళ్లిన బేస్‌బాల్ క్రీడాకారుడు కర్ట్ ఫ్లడ్ గురించి ఈ పాఠంలో తెలుసుకుందాం.

రిజర్వ్ నిబంధన అంటే ఏమిటి?

బేస్‌బాల్ క్లబ్బులు 1879లోనే ఒక ఏర్పాటు చేసుకున్నాయి. తరువాత అది ప్రతి ఆటగాడి ఒప్పందంలోనూ చేరింది. ఒప్పందం ఒక ఏడాదికే. కాని ఆటగాడు కొత్త ఒప్పందంపై సంతకం చేయకపోయినా క్లబ్బు దాన్ని మరో ఏడాది పొడిగించవచ్చు. పొడిగించిన ఒప్పందంలోనూ అదే నిబంధన ఉంటుంది కాబట్టి ఏటేటా పొడిగిస్తూ పోవచ్చునని క్లబ్బులు వాదించేవి. అంటే ఆటగాడు జీవితాంతం ఒకే యజమానికి కట్టుబడాలి, లేదా యజమాని పంపిన చోటికి వెళ్లాలి. మూడో దారి ఆట మానేయడమే.

ఒక ఉత్తరం

కర్ట్ ఫ్లడ్ నల్లజాతీయుడు. 1938లో హ్యూస్టన్‌లో పుట్టాడు. సెయింట్ లూయిస్ కార్డినల్స్ జట్టుకు 12 సీజన్లు ఆడాడు. 1964, 1967 సంవత్సరాలలో ఆ జట్టు వరల్డ్ సిరీస్ గెలిచినప్పుడు అతను అందులో ఉన్నాడు. ఉత్తమ ఫీల్డర్లకిచ్చే గోల్డ్ గ్లవ్ బహుమతి వరుసగా 7 సార్లు పొందాడు. అలాంటివాణ్ణి 1969 అక్టోబరులో క్లబ్బు ఫిలడెల్ఫియా జట్టుకు మార్చేసింది. ఆ సంగతి అతనికి ఫోన్‌లో తెలిసింది.

ఫ్లడ్ వెళ్లనన్నాడు. 1969 డిసెంబరు 24న బేస్‌బాల్ కమిషనర్ బౌవీ క్యూన్‌కు ఉత్తరం రాశాడు. నా ఇష్టాయిష్టాలతో పని లేకుండా కొని అమ్మడానికి నేను వస్తువును కానని, ఇతర జట్ల అవకాశాలను కూడా పరిశీలించే హక్కు తనకుందని దాని సారాంశం. కమిషనర్ ఒప్పుకోలేదు. అప్పట్లో ఫ్లడ్ జీతం ఏడాదికి 90,000 డాలర్లు. అంత జీతం తీసుకుంటూ ఇదేమి ఫిర్యాదు అని చాలామంది అడిగారు. జీతం బాగా ఇచ్చినా బానిస బానిసేనని అతను టీవీలో జవాబిచ్చాడు.

కోర్టులో ఏం జరిగింది?

ఆటగాళ్ల సంఘం, దాని నాయకుడు మార్విన్ మిల్లర్ అతనికి అండగా నిలిచారు. విచారణలో జాకీ రాబిన్సన్ సాక్ష్యం చెప్పాడు. కాని అప్పుడు ఆడుతున్న ఆటగాడు ఒక్కడూ సాక్ష్యానికి రాలేదు.

ఇక్కడ ఒక విషయం గమనించండి. బేస్‌బాల్ రాష్ట్రాల మధ్య జరిగే వాణిజ్యం కాదని, గుత్తాధిపత్య నిరోధక చట్టం దానికి వర్తించదని సుప్రీంకోర్టు 1922లో చెప్పింది. 1972 జూన్‌లో అదే కోర్టు ఫ్లడ్ కేసులో బేస్‌బాల్ వాణిజ్యమేనని, ఈ మినహాయింపు అసంగతమైనదని ఒప్పుకుంది. అయినా దాన్ని సరిచేయవలసింది చట్టసభ అంటూ 5–3 తేడాతో ఫ్లడ్‌కు వ్యతిరేకంగా తీర్పు చెప్పింది. అప్పటికే అతని ఆట ముగిసిపోయింది. 1970 సీజన్ మొత్తం వదులుకున్నాడు. 1971లో వాషింగ్టన్ జట్టుకు 13 మ్యాచ్‌లు మాత్రమే ఆడి, దేశం విడిచి వెళ్లాడు.

ఓటమి తరువాత

కోర్టులో మూసుకున్న తలుపు చర్చల బల్ల దగ్గర తెరుచుకుంది. ఒకే జట్టుతో చివరి 5 ఏళ్లతో సహా మొత్తం 10 ఏళ్లు ఆడినవారు బదిలీని నిరాకరించవచ్చని 1973లో ఒప్పందం కుదిరింది. ఆ నియమం 1969లో ఉండి ఉంటే ఫ్లడ్‌కు కోర్టుతో పనే ఉండేది కాదు. 1975 డిసెంబరులో మరో ఇద్దరు ఆటగాళ్ల వివాదంలో మధ్యవర్తి పీటర్ సైట్జ్ ఆ పాత నిబంధనను మళ్లీ చదివాడు. ఒక ఏడాది అంటే ఒక ఏడాదేనని తేల్చాడు. దానితో యజమానుల పట్టు సడలింది. 1976 ఒప్పందంతో 6 ఏళ్లు ఆడినవారికి జట్టును ఎంచుకునే స్వేచ్ఛ లభించింది.

ఫ్లడ్ 1997 జనవరిలో మరణించాడు. మరుసటి ఏడాది అమెరికా చట్టసభ అతని పేరుతోనే చట్టం చేసి, ప్రధాన లీగ్ ఆటగాళ్ల ఉద్యోగ విషయాలలో ఆ మినహాయింపును తొలగించింది. కోర్టు చట్టసభకు వదిలిన పని పూర్తి కావడానికి 26 ఏళ్లు పట్టింది.

ఆలోచించండి: ఒక నియమం సరైనది కాదని కోర్టే ఒప్పుకున్నప్పుడు, దాన్ని మార్చే బాధ్యత కోర్టుదా, చట్టసభదా? ఆ ఆలస్యానికి మూల్యం చెల్లించేది ఎవరు?